రెప్లికా పడిపోయి తిరిగి లేస్తే: 389, ఓపెన్‌ఎల్‌డ్యాప్, యాక్టివ్ డైరెక్టరీల్లో మీకు ఏది సరిపోతుంది?

యూజర్ల ఖాతాలు, పాస్‌వర్డులు ఒకేచోట ఉంచే డైరెక్టరీ సర్వర్ పెట్టాలనుకునే ప్రతి ఆఫీసులో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఒక సర్వర్ పడిపోతే లాగిన్లు ఆగిపోతాయా? అదే డేటా నకలుగా ఉన్న రెండో సర్వర్, అంటే రెప్లికా, ఉంటే ఆగవు. 389 డైరెక్టరీ సర్వర్ అయినా, ఓపెన్‌ఎల్‌డ్యాప్ అయినా, మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ అయినా ఆ పని చక్కగానే చేస్తాయి. ఆ ప్రశ్న పట్టుకుని మూడింటినీ పోల్చి లాభం లేదు.

తేడా బయటపడేది పడిపోయినది తిరిగి లేచినప్పుడు. అది లేనప్పుడు జరిగిన మార్పులను దానికి ఎవరు చెప్పాలి? ఎంత పాతవాటి దాకా చెప్పగలరు? చెప్పలేని స్థితి వస్తే సర్వర్ అరిచి గోల చేస్తుందా, గుట్టుగా సర్దుకుపోతుందా? నన్నడిగితే ఎంపిక ఈ చివరి ప్రశ్న మీదే జరగాలి. లాగ్ రోజూ చూసే మనిషి ఉన్న చోటికి ఒకటి నప్పుతుంది, ఆరునెలలకోసారి సర్వర్ రూమ్ తలుపు తీసే చోటికి ఇంకొకటి నప్పుతుంది.

ముందే ఒక ఆధారం చేతిలో ఉంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పాతకాలం కొట్టు లెక్కల్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసుకునేది చిట్టా. ఎవరి ఖాతా ఇప్పుడు ఎలా ఉందో చూపేది ఆవర్జా. 389 చిట్టా మీద నడుస్తుంది. యాక్టివ్ డైరెక్టరీకి విడిగా చిట్టా లేదు. ఆవర్జాలోనే ప్రతి ఖాతా పక్కన, అది చివరిసారి ఎప్పుడు మారిందో తెలిపే క్రమసంఖ్య వేసుకుంటుంది. ఓపెన్‌ఎల్‌డ్యాప్ మామూలుగా ఆవర్జాతోనే పని కానిస్తుంది, అడిగితే చిట్టా కూడా పెడుతుంది.

389: వెంటపడి పంపేది, దొరక్కపోతే మొండికేసేది

389కీ ఓపెన్‌ఎల్‌డ్యాప్‌కీ మూలం ఒకటే, మిచిగన్ యూనివర్సిటీలో పుట్టిన స్లాప్‌డీ అనే డైరెక్టరీ సర్వర్ ప్రోగ్రామ్. అందులో ఒక పాయ నెట్‌స్కేప్‌లో ఎదిగింది. దాన్ని 2004లో రెడ్‌హ్యాట్ కొని, 2005లో ఫెడోరా డైరెక్టరీ సర్వర్‌గా బయటపెట్టింది. 2009లో దాని పేరు 389గా మారింది. అది డైరెక్టరీలతో మాట్లాడే ప్రోటోకాల్ అయిన ఎల్‌డ్యాప్ వాడే పోర్టు నంబరే. లైనక్స్ మెషీన్ల లాగిన్లను నిర్వహించే ఫ్రీఐపీఏ లోపల ఉండేది కూడా ఇదే కాబట్టి, ఇక్కడ చెప్పేది చాలావరకు ఫ్రీఐపీఏ వాడేవాళ్లకూ వర్తిస్తుంది.

ఇందులో మార్పులను పంపే బాధ్యత సప్లయర్‌ది, అంటే ఆ మార్పులు తన దగ్గరున్న సర్వర్‌ది. ఏ రెప్లికాకు పంపాలో ఒక్కోదానికి ఒక్కో రెప్లికేషన్ అగ్రిమెంట్ ఉంటుంది. అవతలి సర్వర్ పలకకపోతే సప్లయర్ 3 సెకన్లాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ పలకకపోతే ఆ విరామాన్ని పెంచుకుంటూ 300 సెకన్ల దాకా తీసుకెళ్తుంది. ఒక అగ్రిమెంట్ ఇలా తంటాలు పడుతున్నా మిగతావి ఆగవు, ఎవరి పని వారిదే. దీనివల్ల కొత్తవాళ్లు ఒకచోట కంగారుపడతారు: పడిపోయిన సర్వర్‌ను లేపి, వెంటనే చూసి, ‘ఇంకా సింక్ కాలేదే’ అని సెట్టింగులు కెలకడం మొదలుపెడతారు. సప్లయర్ తర్వాతి ప్రయత్నానికి ఐదు నిమిషాల దాకా పట్టొచ్చు. ఆగలేకపోతే 389ని నిర్వహించే డీఎస్‌కాన్ఫ్ అనే టూల్‌లో అగ్రిమెంట్‌ను ‘పోక్’ చేసే ఆదేశం ఉంది, అది ఇస్తే వెంటనే కదులుతుంది.

కలిసినప్పుడు జరిగేది ఇది. ప్రతి మార్పుకూ సీఎస్‌ఎన్ అనే ముద్ర ఉంటుంది: సమయం, వరస సంఖ్య, ఏ రెప్లికాలో జరిగిందో దాని ఐడీ. ఏ రెప్లికా నుంచి వచ్చిన మార్పులను ఎంతవరకు చూశానో ప్రతి సర్వర్ ఆర్‌యూవీ అనే పట్టీలో ఉంచుకుంటుంది. సప్లయర్ అవతలివాడి పట్టీ చదివి, తన పట్టీతో పోల్చి, లోటున్న చోటి నుంచి చేంజ్‌లాగ్‌లో ఉన్నవి వరసగా పంపుతుంది. రోజుల తరబడి మార్పులు అందకపోయినా, చిట్టా చిరగకుండా ఉంటే ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు.

చిట్టా ఎంతకాలం ఉంటుందన్నదే అసలు విషయం. ఇప్పటి వెర్షన్లలో చేంజ్‌లాగ్ గడువు డిఫాల్టుగా 7 రోజులు. చెరిపేసిన ఎంట్రీల ఆనవాళ్లను, అంటే టూంబ్‌స్టోన్లను, తుడిచిపెట్టే గడువు 604800 సెకన్లు. అదీ 7 రోజులే. ఇందులో ఒక మినహాయింపు ఉంది, చాలామంది గమనించరు: ఒక సప్లయర్‌కు నేరుగా అగ్రిమెంట్ ఉన్న రెప్లికా వెనకబడి ఉంటే, గడువు దాటిన రికార్డులను కూడా ఆ సప్లయర్ తీసెయ్యదు. మంచిదే, కానీ డిస్కు నిండుతూ పోతుంది. పైగా ఆ రక్షణ ఆ ఒక్క సప్లయర్‌కే పరిమితం. ఆ రెప్లికాతో అగ్రిమెంట్ లేని మిగతా సప్లయర్లకు దాని సంగతే తెలియదు, వాటి చిట్టా వాటి లెక్కన చెరిగిపోతుంది. ఆ రెప్లికాతో నేరుగా అగ్రిమెంట్ ఉన్న ఆ ఒక్క సప్లయర్‌నే ఈలోగా మళ్లీ ఇనిషియలైజ్ చేశారో (అంటే మొత్తం డేటాను కొత్తగా ఎక్కించారో), దాని చేంజ్‌లాగ్ కొత్తగా మొదలవుతుంది. అంతే, ఆఫ్‌లైన్‌లో ఉన్నది కావాలనుకునే రికార్డులు ఇక ఎక్కడా ఉండవు. అందుకే ఒక రెప్లికా ఆఫ్‌లైన్‌లో ఉన్నంతకాలం దాని సప్లయర్‌ను రీఇనిషియలైజ్ చేసే పని పెట్టుకోకూడదు.

రికార్డులు లేకపోతే 389 మొహమాటపడదు. కావలసిన డేటా తుడిచిపెట్టుకుపోయింది, ఈ రెప్లికాను మళ్లీ ఇనిషియలైజ్ చేయాలి అని ఎర్రర్ లాగ్‌లో రాసి ఆ అగ్రిమెంట్‌ను అక్కడే నిలిపేస్తుంది. తనంతట తాను మొత్తం డేటాబేసును పంపే ధైర్యం చేయదు. అది మంచి లక్షణమే అంటాను. ఎందుకంటే ఇనిషియలైజ్ చేయడమంటే అవతలి సర్వర్‌లో ఉన్నదంతా తుడిచి కొత్తది రాయడం. ఆ సర్వర్ నెట్‌వర్కు తెగి ఒంటరిగా ఉన్నప్పుడు దానిలో ఎవరైనా పాస్‌వర్డు మార్చుకుని ఉంటే, ఆ మార్పు ఇంకెక్కడికీ చేరకముందే పోతుంది. ఈ నిర్ణయం మనిషే తీసుకోవాలి. కాకపోతే ఆ మనిషి లాగ్ చూడాలిగా!

మన దగ్గర కాలేజీల్లో ఇది ఇంకో రకంగా తగులుతుంది. దసరా సెలవులు ఏడు రోజులకు మించుతాయి, వేసవి సెలవుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ల్యాబ్‌లో ఉన్న రెప్లికాను సెలవులకు ఆపేసి వెళ్తే డిఫాల్టు గడువు సెలవుల్లోనే దాటిపోతుంది. అలాంటి చోట చేంజ్‌లాగ్ గడువు, టూంబ్‌స్టోన్ల గడువు రెండింటినీ మీ పొడుగాటి సెలవుల కంటే ఎక్కువ పెట్టాలి. ఒకటి పెంచి రెండోది వదిలేస్తే లాభం లేదు, మార్పు వచ్చాక పోల్చుకోవడానికి పాత ఆనవాలు ఉండదు.

గడియారం మాట కూడా చెప్పాలి. సీఎస్‌ఎన్‌లో సమయం ఉంటుంది కాబట్టి, నెలల తరబడి ఆపి ఉంచిన మెషీన్ మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తప్పుడు తేదీతో లేస్తే గొడవే. తేడా ఒక రోజు దాటితే 389 రెప్లికేషన్‌ను నిరాకరిస్తుంది. లేపిన వెంటనే డైరెక్టరీ సర్వీసు మొదలుపెట్టకుండా, ముందు ఎన్‌టీపీ (నెట్‌వర్కు నుంచి సమయం సరిచేసే సర్వీసు) సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక తిరిగి రాని రెప్లికా. దాన్ని అగ్రిమెంట్ల నుంచి తీసేస్తే సరిపోదు, మిగతా సర్వర్ల ఆర్‌యూవీ పట్టీల్లో దాని ఐడీ మిగిలిపోతుంది. దాన్ని తుడవడానికి క్లీన్‌ఆల్‌ఆర్‌యూవీ అనే టాస్క్ ఉంది. అది తొందరపడదు: పోయిన రెప్లికా నుంచి వచ్చిన మార్పులు మిగతా అందరికీ చేరేదాకా, మిగతా సర్వర్లన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చేదాకా ఆగుతుంది. ఇంకో రెప్లికా కూడా ఆ సమయానికి ఆపి ఉంటే టాస్క్ అలా వేలాడుతూనే ఉంటుంది. ఫోర్స్ పెట్టి నడపొచ్చు గానీ, రెండోది ఎందుకు ఆగిందో తెలిశాకే ఆ పని చేయండి. ఫ్రీఐపీఏలో దీనికి తోడు యూజర్ ఐడీల సమస్య ఒకటుంది. మామూలుగా రెండు లక్షల ఐడీల శ్రేణిని రెప్లికాలు పంచుకుంటాయి. చనిపోయిన రెప్లికా తన వాటా తీసుకునే పోతుంది. దాన్ని తర్వాత ఇంకో సర్వర్‌కు చేతితో కేటాయించాల్సి ఉంటుంది.

ఓపెన్‌ఎల్‌డ్యాప్: వచ్చినవాడే అడిగి తెలుసుకోవాలి

ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో కూడా ఒకప్పుడు స్లర్ప్‌డీ అనే నెట్టే పద్ధతి ఉండేది. ఒక్కసారి లెక్క తప్పితే చేత్తో సరిచేసుకోవాల్సి వచ్చేది. 2007లో వచ్చిన 2.4తో దాన్ని తీసేశారు, దానికోసం ఎవరూ ఏడవలేదు. ఇప్పుడున్నది సింక్‌రెపిల్. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4533 దీని ఆధారం. మార్పులు తీసుకునే కన్స్యూమరే వాటిని ఇచ్చే ప్రొవైడర్ దగ్గరకు వెళ్లి, ఎంతవరకు తెలుసో గుర్తుంచుకున్న కుకీ చూపించి, ‘ఇక్కడిదాకా నాకు తెలుసు, తర్వాతివి చెప్పు’ అంటుంది.

ప్రొవైడర్‌కు ఎంతమంది కన్స్యూమర్లు ఉన్నారో కూడా తెలియనక్కర్లేదు. కొత్తది పెట్టాలంటే ప్రొవైడర్‌ను ముట్టుకోనవసరం లేదు, వాటి సంఖ్య ఎక్కువగా ఉండే చోట ఇది పెద్ద సుఖం. దీనికి మూల్యం పర్యవేక్షణలో కట్టాలి. ఒక కన్స్యూమర్ మూడు వారాలుగా పత్తా లేకపోయినా ప్రొవైడర్ లాగ్‌లో దాని ఊసు ఉండదు. రెండు చోట్లా, చివరి మార్పు ఏదో చెప్పే కాంటెక్స్ట్‌సీఎస్‌ఎన్ చదివి పోల్చే చిన్న స్క్రిప్టు మీరే రాసి పెట్టుకోవాలి. అది లేకుండా ఓపెన్‌ఎల్‌డ్యాప్ నడపడం నాకు నచ్చదు.

తెగిన తర్వాత ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలో కన్స్యూమర్ సెట్టింగులో ఉంటుంది. ఏమీ రాయకపోతే గంటకోసారి ఎప్పటికీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. మాన్యువల్‌లో ఉదాహరణగా ఇచ్చిన ‘60 10 300 3’ను యథాతథంగా కాపీ చేసేవాళ్లు జాగ్రత్త. అరవై సెకన్లకోసారి పదిసార్లు, ఆ తర్వాత మూడొందల సెకన్లకోసారి మూడుసార్లు అని దాని అర్థం. అంటే అరగంటలోపు విసిగిపోయి ప్రయత్నాలు మానేస్తుంది, సర్వీసు తిరిగి మొదలుపెట్టేదాకా మళ్లీ అడగదు. మధ్యాహ్నం గంటసేపు లింక్ పోయిందంటే ఆ రెప్లికా అక్కడితో ఆగిపోయినట్టే. చివర మూడు బదులు ప్లస్ గుర్తు పెడితే ఈ బాధ ఉండదు.

తిరిగి వచ్చాక ఏం జరుగుతుందన్నది మీరు ఏ రకం ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు సింక్‌రెపిల్‌లో ప్రొవైడర్ మారిన ఎంట్రీలను పూర్తిగా పంపుతుంది. మారని వాటికి వాటి గుర్తింపు సంఖ్యలు, అంటే యూయూఐడీలు మాత్రం పంపుతుంది. రెండు జాబితాల్లోనూ లేనివాటిని కన్స్యూమర్ చెరిపేస్తుంది. టూంబ్‌స్టోన్లతో పనే లేని తెలివైన పద్ధతి ఇది: ఎన్నేళ్ల తర్వాత వచ్చినా చివరికి సరైన స్థితికి చేరుతుంది, ‘గడువు దాటింది’ అనే మాటే రాదు. కాకపోతే లక్ష ఎంట్రీలున్న చోట ఒక్క ఎంట్రీ మారినా మొత్తం తిరగేయాలి. ఇటీవలి మార్పులను గుర్తుంచుకునే సెషన్ లాగ్ పెడితే ఈ తిరగేత తప్పుతుంది. కానీ అది మెమరీలో ఉండేది, ప్రొవైడర్‌నే రీస్టార్ట్ చేస్తే పోతుంది. 2.5 నుంచి, మార్పులను డేటాబేసులో రాసుకునే యాక్సెస్ లాగ్‌ను దానికి ఆధారంగా వాడుకోవచ్చు, అప్పుడు రీస్టార్ట్ తర్వాతా మిగులుతుంది.

ఇంకో ఖర్చు, ఎంట్రీలో చిన్న భాగం మారినా మొత్తం ఎంట్రీ వెళ్లడం. ఓపెన్‌ఎల్‌డ్యాప్ అడ్మిన్ గైడులోనే దీనికి లెక్క ఉంది. ఒక్కోటి 1 కేబీ ఉన్న 102400 ఎంట్రీల్లో రెండు బైట్ల విలువను మారిస్తే, 200 కేబీ మార్పు కోసం ప్రతి కన్స్యూమర్‌కూ 100 ఎంబీ వెళ్తుంది. డెల్టా సింక్‌రెపిల్ పుట్టింది ఇందుకే. అది యాక్సెస్ లాగ్ అనే చిట్టాను పెట్టి, మారిన భాగాన్నే పంపుతుంది. రెప్లికా మరీ వెనకబడి, చిట్టాలో దానికి కావలసినవి చెరిగిపోయి ఉంటే, తనంతట తానే మామూలు సింక్‌రెపిల్‌కు మారి మొత్తం సరిచేసుకుని, మళ్లీ డెల్టాకు తిరిగొస్తుంది.

389తో తేడా ఇక్కడే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే పరిస్థితికి అది ఆగి మనిషిని పిలుస్తుంది, ఇది ఎవరినీ పిలవకుండా పని కానిచ్చేస్తుంది. కన్స్యూమర్లు చదవడానికి మాత్రమే ఉన్న చోట రెండో పద్ధతి ఎంతో హాయి. రాయడానికి వీలున్న సర్వర్లు రెండుమూడు ఉన్నచోట మాత్రం ఆ హాయి కాస్త భయంగా మారుతుంది. ఉదాహరణకు, డిస్కు పాడై ఖాళీ డేటాబేసుతో లేపిన ప్రొవైడర్‌లో, పాత డేటా ఎక్కించకముందే ఎవరైనా కొత్త ఎంట్రీ రాశారనుకోండి. దాని సీఎస్‌ఎన్ కొత్తది, దాని జాబితా చూస్తే దాదాపు ఖాళీ. దాన్ని నమ్మిన అవతలి సర్వర్ తన దగ్గరున్నవి చెరిపేసుకునే ప్రమాదం ఉంది. పాడైన ప్రొవైడర్‌ను తిరిగి లేపేటప్పుడు బయటి నుంచి పోర్టు మూసి, బ్యాకప్ ఎక్కించి, ఆ తర్వాతే తెరవాలి.

యాక్టివ్ డైరెక్టరీ: ఆరునెలల ఓపిక, ఆ తర్వాత గేటు మూత

యాక్టివ్ డైరెక్టరీలో కూడా అడిగి తెచ్చుకోవడమే పద్ధతి, కాకపోతే మార్పు ఉందని పక్కవాడు కబురు పెడతాడు. ఒకే సైట్‌లో, అంటే ఒకే చోటి వేగమైన నెట్‌వర్కులో, అయితే మొదటి భాగస్వామికి 15 సెకన్లలో, తర్వాతివాళ్లకు 3 సెకన్ల తేడాతో కబురు వెళ్తుంది. సైట్ల మధ్య డిఫాల్టు 180 నిమిషాలు, కావాలంటే 15 దాకా తగ్గించుకోవచ్చు. ఒక డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్, పొట్టిగా డీసీ) పోతే కేసీసీ అనే లోపలి ప్రక్రియ 15 నిమిషాలకోసారి చూసి, దాని చుట్టూ వేరే దారి వేస్తుంది. మిగతా రెండింటికీ ఈ సౌకర్యం లేదు, ప్రత్యామ్నాయ దారులు ముందే మీరు వేసుకోవాలి. ఫ్రీఐపీఏలో ఒక్కో రెప్లికాకు కనీసం రెండు, మహా అయితే నాలుగు అగ్రిమెంట్లు ఉంచమని రెడ్‌హ్యాట్ చెప్పేది ఇందుకే.

ప్రతి డొమైన్ కంట్రోలర్ తనలో జరిగే ప్రతి మార్పుకూ యూఎస్‌ఎన్ అనే సంఖ్య వేస్తుంది. తిరిగి వచ్చిన డీసీ ‘ఫలానా యూఎస్‌ఎన్ తర్వాత మారినవి ఇవ్వు’ అంటుంది. ఒక ఫోన్ నంబరు నాలుగు నెలల్లో పదిసార్లు మారినా, దానికి వచ్చేది చివరి విలువ ఒక్కటే. చిట్టా అరిగిపోవడం, ట్రిమ్ చేయడం అనే బాధలు లేవు. అందుకే నెలల తరబడి ఆగిన డీసీ కూడా పెద్ద హడావిడి లేకుండా కలిసిపోతుంది.

హద్దు ఒక్కటే, టూంబ్‌స్టోన్ల ఆయుష్షు. విండోస్ సర్వర్ 2003 ఎస్‌పీ1 నుంచి కొత్తగా పెట్టిన ఫారెస్టుల్లో (అంటే యాక్టివ్ డైరెక్టరీ మొత్తం వ్యవస్థల్లో) అది 180 రోజులు. అంతకుముందు పెట్టినవాటిలో 60 రోజులు, పైగా సర్వర్లు అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన అది తనంతట తాను పెరగదు. పాత కంపెనీల్లో చేరినవాళ్లు మొదట చూడవలసిన విలువ ఇదే. ఆ హద్దు దాటి వచ్చిన డీసీలో, మిగతావాళ్లు ఎప్పుడో చెరిపేసి ఆనవాలు కూడా మర్చిపోయిన ఎంట్రీలు ఇంకా బతికే ఉంటాయి. వీటినే లింగరింగ్ ఆబ్జెక్టులంటారు. భాగస్వామి దానితో మాట్లాడటం మానేసి 2042 నంబరు ఈవెంట్ రాస్తుంది. రెప్‌అడ్మిన్ అనే ఆదేశంతో వాటిని ఏరి తీసేసి మళ్లీ కలపవచ్చు, రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి గేటు తెరవచ్చు. నా సలహా మాత్రం ఆ రెండూ కాదు. 180 రోజులు ఎవరికీ గుర్తురాని డీసీ మీద ఆ శ్రమ దండగ. మిగతా డీసీల్లో దాని మెటాడేటా (ఆనవాళ్లు) తీసేసి, విండోస్ కొత్తగా వేసి, మళ్లీ ప్రమోట్ చేయడం (డీసీగా మార్చడం) తేలిక.

ఆఫ్‌లైన్ కంటే ఎక్కువ చేటు చేసేది స్నాప్‌షాట్. డీసీ పాడైందని వర్చువల్ మెషీన్‌ను పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పితే, దాని యూఎస్‌ఎన్ లెక్క వెనక్కి వెళ్తుంది. మిగతావాళ్లేమో ఆ సంఖ్యలు మేం ఎప్పుడో చూశాం అనుకుని కొత్త మార్పులను పట్టించుకోరు. దీన్ని పసిగడితే 2095 ఈవెంట్ రాసి రెప్లికేషన్ ఆపేస్తుంది. విండోస్ సర్వర్ 2012లో వీఎం జనరేషన్ ఐడీ అనే రక్షణ వచ్చింది, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ కూడా దానికి సహకరిస్తేనే పనిచేస్తుంది. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకునే అలవాటు మిగతా రెండింటిలోనూ ముప్పే.

నెట్‌వర్కు తెగి ఒంటరిగా ఉన్న డీసీలో జరిగిన మార్పుల విషయంలో ఒక విచిత్రం ఉంది. 389లో ఒకే విలువను రెండు చోట్ల మారిస్తే సీఎస్‌ఎన్ ప్రకారం తర్వాతిది గెలుస్తుంది. యాక్టివ్ డైరెక్టరీ ముందు చూసేది సమయం కాదు, వెర్షన్ సంఖ్య. తెగి ఉన్న బ్రాంచిలో సోమవారం ఒక విలువను రెండుసార్లు మార్చి, హెడ్ ఆఫీసులో బుధవారం ఒక్కసారే మార్చారనుకోండి, కలిసినప్పుడు సోమవారం నాటిదే నిలుస్తుంది. వెర్షన్లు సమానమైతేనే సమయం లెక్కకొస్తుంది.

కొత్త యూజర్లను సృష్టించే విషయానికొస్తే, ప్రతి డీసీ దగ్గర 500 చొప్పున తీసుకున్న రిడ్‌ల (కొత్త ఎంట్రీలకు ఇచ్చే సంఖ్యల) సంచి ఉంటుంది. తెగిపోయినా అది ఖాళీ అయ్యేదాకా ఎంట్రీలు చేయగలదు. పడిపోయినది ఈ రిడ్‌లను పంచే రిడ్ మాస్టర్ అయి, దాని పాత్రను బలవంతంగా వేరేదానికి లాక్కున్నారా, ఇక పాతదాన్ని నెట్‌వర్కులోకి రానివ్వకండి.

మరి ఏది తీసుకోవాలి?

ఆఫీసు నిండా విండోస్ పీసీలుంటే చర్చ అనవసరం, యాక్టివ్ డైరెక్టరీయే. 389 కంటే ఎక్కువ కాలం గైర్హాజరీని భరిస్తుంది కూడా. బ్రాంచిల్లో గదికి తాళం కూడా సరిగ్గా లేదంటే అక్కడ పూర్తి డీసీ బదులు విండోస్ సర్వర్ 2008లో వచ్చిన చదవడానికి మాత్రమే ఉండే ఆర్‌ఓడీసీ పెట్టండి. కాకపోతే హెడ్ ఆఫీసు లింక్ పోయినప్పుడు, ముందే పాస్‌వర్డు దానిలో దాచుకున్నవాళ్లకే లాగిన్ దొరుకుతుందని గుర్తుంచుకోండి.

లైనక్స్ మెషీన్లు, వాటి సుడో నిబంధనలు (ఎవరు ఏ అడ్మిన్ ఆదేశాలు ఇవ్వొచ్చో), కెర్బెరోస్ లాగిన్లు అన్నీ ఒకేచోట కావాలంటే ఫ్రీఐపీఏ. దాన్ని ఎంచుకున్నారంటే లోపలి 389ని కూడా ఎంచుకున్నట్టే. కాబట్టి చేంజ్‌లాగ్ గడువును మీ సెలవుల క్యాలెండర్ చూసి పెట్టడం, అగ్రిమెంట్ల స్థితిని రోజూ మెయిల్ చేసే ఏర్పాటు చేయడం మొదటి వారం పనులు. ఈ రెండూ చేసే ఓపిక లేని చోట 389 పెట్టడం నేను సిఫార్సు చేయను. అది అరుస్తుంది నిజమే, కానీ వినేవాళ్లు లేని చోట.

అప్లికేషన్ వెనక ఉండి చదవడమే ఎక్కువ, రాయడం ఒకేచోట, చదివే సర్వర్లు అటూ ఇటూ చాలా: దీనికి డెల్టా సింక్‌రెపిల్‌తో ఓపెన్‌ఎల్‌డ్యాప్‌ను మించింది నాకు కనిపించదు. కంటైనర్లలో సర్వర్లు పుడుతూ పోతూ ఉండే చోట కూడా ఇదే, ఎందుకంటే పోయినవాటి ఐడీలను తుడిచే క్లీన్‌ఆల్‌ఆర్‌యూవీ, మెటాడేటా క్లీనప్ లాంటి పనులు చదివే కన్స్యూమర్లకు ఉండవు.

కరెంటు, నెట్‌వర్కు నమ్మకం లేని చోట పెట్టే రెప్లికాలో మాత్రం, మూడింటిలో ఏది తీసుకున్నా సరే, రాసే హక్కు ఇవ్వకండి. చదవడానికి మాత్రమే ఉన్నది పడిపోతే దానిలో చిక్కుకుపోయిన మార్పులంటూ ఏవీ ఉండవు, పారేసి కొత్తది పెట్టినా నష్టం లేదు. రాతలన్నీ సప్లయర్‌కు మళ్లించే సౌకర్యం 389లో రెఫరల్ రూపంలో, ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో చైన్ ఓవర్‌లే రూపంలో ఉంది.

ఆగాలా, మళ్లీ ఎక్కించాలా, తీసేయాలా అనే సందేహం ఎలాగూ వస్తుంది. గడువులోపు లేచే అవకాశముంటే వదిలేయండి, మూడూ వాటంతటవే కోలుకుంటాయి. గడువు దాటితే పరిశోధన మానేసి, చిక్కుకున్న రాతలేమైనా ఉంటే ముందు బయటికి తీసి, మళ్లీ ఎక్కించండి. లక్ష ఎంట్రీల డైరెక్టరీని తిరిగి ఎక్కించడానికి పట్టే సమయం, లాగ్‌లు తవ్వే సమయం కంటే తక్కువ. ఆ మెషీన్ ఇక రాదని తెలిస్తే ఆ రోజే పేరు తీసేయండి. ఎప్పుడో చూద్దామని వదిలేసిన చచ్చిన రెప్లికాల పేర్లే రేపు కొత్తది కలిపేటప్పుడు అడ్డుపడతాయి.

లేచినా ఇంకా తెలుసుకోని సర్వర్

పూర్తిగా పడిపోయిన సర్వర్ కంటే, లేచి పాత కబుర్లు చెప్పే సర్వర్ ప్రమాదకరం. శుక్రవారం ఉద్యోగం మానేసిన మనిషి ఖాతాను మూసేశారు. గురువారం నుంచి ఆగి ఉన్న రెప్లికా సోమవారం ఉదయం లేచింది. సింక్ పూర్తయ్యేదాకా దాని దృష్టిలో ఆ ఖాతా తెరిచే ఉంది, వీపీఎన్ దాన్ని అడిగిందంటే లోపలికి రానిచ్చేస్తుంది. ఓపెన్‌ఎల్‌డ్యాప్ కన్స్యూమర్ రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ పాత సమాధానాలే ఇస్తుంది. 389 ఆన్‌లైన్‌లో మొత్తం ఇనిషియలైజ్ అవుతున్నప్పుడు జవాబివ్వకుండా వేరే సర్వర్ వైపు చూపిస్తుంది గానీ, మామూలుగా మార్పులు అందుకుంటున్నప్పుడు అదీ పాత జవాబులే చెబుతుంది. అందువల్ల, అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్ హెల్త్ చెక్‌లో 389 పోర్టు తెరుచుకుందా అని చూడటం చాలదు. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో కాంటెక్స్ట్‌సీఎస్‌ఎన్, 389లో ఆర్‌యూవీ మిగతావాటితో కలిశాకే పూల్‌లోకి రానివ్వాలి. లోడ్ బ్యాలన్సర్ లేకుండా, లైనక్స్‌లో లాగిన్లు చూసే ఎస్‌ఎస్‌ఎస్‌డీలో సర్వర్ల జాబితా రాసుకున్నవాళ్లు, లేచిన సర్వర్ పోర్టును సింక్ అయ్యేదాకా ఫైర్‌వాల్‌లో రెప్లికేషన్ భాగస్వాములకు మాత్రమే తెరిచి ఉంచితే చాలు.

కొనేముందు లేదా పెట్టేముందు దీన్ని రెండు వర్చువల్ మెషీన్లతో మధ్యాహ్నంలోపు పరీక్షించవచ్చు. 389లో ఆ రెండో మెషీన్‌ను ఆపండి. మొదటిదానిలో ఒక యూజర్‌ను చెరిపేయండి, ఒకరిని కలపండి, ఒకరి పాస్‌వర్డు మార్చండి. డేటాను ఎల్‌డిఫ్ అనే టెక్స్ట్ ఫైలులోకి తీసి అదే సర్వర్‌లోకి తిరిగి ఎక్కించండి, దాంతో చేంజ్‌లాగ్ కొత్తగా మొదలవుతుంది. ఇప్పుడు రెండోదాన్ని లేపి ఎర్రర్ లాగ్ చూడండి. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో యాక్సెస్ లాగ్ ప్రక్షాళన గడువును గంటకు తగ్గించి, కన్స్యూమర్‌ను రెండు గంటలు ఆపి, లేపాక అది డెల్టా నుంచి మామూలు సింక్‌రెపిల్‌కు మారడం లాగ్‌లో గమనించండి. చెరిపేసిన యూజర్ రెండో చోట కూడా పోయాడో లేదో ఎల్‌డ్యాప్ సెర్చ్‌తో వెతకడం మర్చిపోవద్దు. కలిపినవి, మార్చినవి చేరడం సులువు. తేడాలన్నీ దొరికేది చెరిపేసిన వాటి దగ్గరే.